వెనక యాక్సిల్ సీలు కారితే బేరింగు కూడా మార్చాల్సిందేనా?

లోడుబండి:
ఒకటిన్నర టన్ను పికప్. ఎడమ వెనక డ్రమ్ములోంచి ఆయిల్ కారి టైరు లోపలి పక్క చారలు కట్టింది. శబ్దం లేదు. మెకానిక్ రెండువైపులా ఆయిల్ ఆపే రబ్బరు సీళ్లు, బేరింగులు, బ్రేక్ షూలు రాసిచ్చాడు. సీలొక్కటే మారిస్తే పోదా?

నాలుగోగేరు:
ముందు అది క్రౌన్ (వెనక గేర్ల డబ్బా) ఆయిలా, బ్రేక్ ఆయిలా? చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే క్రౌన్ ఆయిల్. పల్చగా ఉండి నీళ్లతో కడిగితే పోయేదైతే బ్రేకు వీల్ సిలిండరులో రబ్బరు కప్పులు పోయాయి, యాక్సిల్ జోలికే వెళ్లక్కర్లేదు.

లోడుబండి:
కంపే కంపు. క్రౌన్ ఆయిలే.

పాతలేత్:
యాక్సిల్ హౌసింగు (బయటి తొడుగు) మీద గాలి పోయే బ్రీదరు చూశారా?

గ్రీజుగన్:
సీలొక్కటే మార్చడం దండగ ఖర్చు. బేరింగు రవ్వంత లూజైనా షాఫ్టు కుదురుగా తిరగదు, సీలు పెదవి, అంటే షాఫ్టుని తాకే అంచు, ఒక పక్కే అరుగుతుంది. కొత్త సీలు వేసినా అదే గతి. పని ఎంతుందో చూడండి: డ్రమ్ము తీయాలి, బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబులు విడదీయాలి, బ్రేక్ షూలు కూర్చునే బ్యాకింగ్ ప్లేటు వెనక నాలుగు నట్లు విప్పి షాఫ్టు లాగాలి. ఇంతా చేసి పాత బేరింగే తిరిగి పెట్టేస్తారా? బేరింగుని షాఫ్టు మీద ఆపే ఇనుప రింగు, అదే కాలరు, తీసేటప్పుడు షాఫ్టుకి తగలకుండా డ్రిల్లుతో ముప్పావు లోతు బెజ్జం వేసి, ఉలితో ఒక్క దెబ్బ కొడితే చీలిపోతుంది. గ్యాస్ మంట పెట్టారో షాఫ్టు గట్టిదనం పోయినట్టే. పాత కాలరు మళ్లీ వాడొద్దు. కొత్త బేరింగును లోపలి రేసు (లోపలి రింగు) మీదే ప్రెస్ చేయాలి, ఆ తర్వాత కాలరును విడిగా. రెండూ కలిపి ఒక్కసారే నొక్కితే బేరింగు మీద భారం పడి కొత్తదే కూస్తుంది.

టెక్సాస్‌రోడ్డు:
కాలరేంటండీ, ప్రెస్సేంటండీ? క్రౌన్ వెనక కవరు విప్పి ఆయిల్ దించాలి. అడ్డపిన్నుని పట్టుకున్న చిన్న బోల్టు తీసి పిన్ను లాగాలి. షాఫ్టును కాస్త లోపలికి నెడితే షాఫ్టు చివరను పట్టుకున్న సీ-క్లిప్పు చేతికొస్తుంది, షాఫ్టు బయటికొస్తుంది. అంతే. పిన్ను బయట ఉండగా క్రౌన్ తిప్పకండి, లోపలి చిన్న పళ్లచక్రాలు జారి బయటపడతాయి. బ్రేక్ పైపు ముట్టుకోనే అక్కర్లేదు. బేరింగు బాగుంటే బాగున్నట్టే, ఎందుకు మార్చడం?

గ్రీజుగన్:
బ్రేక్ పైపు విప్పకుండా షాఫ్టు ఎలా లాగుతారు స్వామీ? బ్యాకింగ్ ప్లేటు షాఫ్టుతోపాటే వస్తుంది. చేసినవాళ్లకి తెలుస్తుంది.

టెక్సాస్‌రోడ్డు:
నేను చేయకుండా చెబుతున్నానా? మీ లెక్కన బల్బు మాడితే వైరింగంతా మార్చాలి.

పాతలేత్:
బ్రీదరు.

గ్రీజుగన్:
అక్కడ గ్యారేజీలో సెలవురోజు సరదాగా విప్పుకోవడం వేరు, ఇక్కడ పొద్దున లోడెత్తే బండి వేరు. తెలియకపోతే ఊరుకోండి.

నాలుగోగేరు:
ఇద్దరూ ఆగండి. మీరు మాట్లాడేది రెండు వేరు యాక్సిళ్ల గురించి. గ్రీజుగన్ అన్న చెప్పేది బేరింగు షాఫ్టు మీద బిగిసి, కాలరు ఆపే రకం. టెక్సాస్ గారు చెప్పేది ఫోర్డ్ 8.8, జీఎం 10-బోల్ట్ లాంటి సీ-క్లిప్పు రకం. అందులో బేరింగు హౌసింగులో ఉంటుంది, రోలర్లు నేరుగా షాఫ్టు మీదే తిరుగుతాయి. కాబట్టి టెక్సాస్ గారూ, బేరింగు బాగుంటే చాలదు, షాఫ్టు కూడా చూడాలి. రోలర్లు తిరిగే చోట గుంటలు పడితే షాఫ్టు మార్చాలి, లేదా రోలరునీ సీలునీ అరగని చోటికి జరిపే రిపేరు బేరింగు వేయాలి.
లోడుబండి తమ్ముడూ, వెనక కవరు లేకుండా క్రౌన్ ముందునుంచి దిగే రకమైతే నీది సీ-క్లిప్పు కాదు. కవరు ఉన్నంత మాత్రాన అవుననీ చెప్పలేం. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. చేత్తో తిప్పి స్ప్రింగు మీద వేలు పెట్టి గరగర తెలుస్తుందేమో చూడు.

లోడుబండి:
కవరు లేదన్నా. ఊగడం లేదు. గరగర లేదు.

టెక్సాస్‌రోడ్డు:
సరే, రకం వేరు, ఒప్పుకుంటా. అయినా ఊగని బేరింగు ఎందుకు? సీలు తిరిగే చోట గోరు పెట్టి చూడండి. గోరుకి గాడి తగిలితే ఎన్ని సీళ్లు వేసినా కారుతుంది. దానికి ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్ (షాఫ్టు మీద తొడిగే పల్చటి స్టీలు గొట్టం) దొరుకుతుంది, గోడ మందం 0.28 మి.మీ., పాత సైజు సీలే సరిపోతుంది.

గ్రీజుగన్:
గాడి కాలరు మీదుంటే కొత్త కాలరుతో పోతుంది, స్లీవు అక్కర్లేదు. కాలరు తీశాక పాత బేరింగు పెడతారా? అసలు సంగతి చెప్పనా? సీలొక్కటే వేయమంటారు, వేస్తాం. రెండు నెలలకి కారితే “నువ్వే సరిగా వేయలేదు, ఊరికే చేసివ్వు” అంటారు. రెండోసారి లేబరు ఎవరిస్తారు? అందుకే బేరింగుతో సహా అయితేనే గ్యారంటీ.

టెక్సాస్‌రోడ్డు:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. అది బేరింగు అవసరం కాదు, మీ గ్యారంటీ అవసరం. దానికి ఓనరు డబ్బెందుకు కట్టాలి?

గ్రీజుగన్:
నా చేతిపనికి నాది పూచీ. మీరు వదిలేయమన్న పాత బేరింగుకి కాదు.

నాలుగోగేరు:
అయితే అదే మాట బిల్లు మీద రాసివ్వండి, గొడవుండదు. కొత్త సీళ్లు చాలాసార్లు బిగించేటప్పుడే పాడవుతాయి. స్ప్రింగు పక్క ఆయిల్ వైపుండాలి, పెదవికి ఆయిల్ రాయాలి, సరిపడే పైపుముక్కతో సమంగా దించాలి. షాఫ్టు లోపలికి పెట్టేటప్పుడు దాని బరువు సీలు మీద వాలితే షాఫ్టు చివరి పళ్లు పెదవిని కోసేస్తాయి. ఇద్దరు పట్టుకోండి. ఆయిల్ నానిన షూలు కాల్చి వాడొద్దు, రెండువైపులా జతగా మార్చండి. ఆయిల్ మాన్యువల్లో రాసిన గ్రేడే పోయండి, ఫిల్లరు రంధ్రం కింది అంచు దాకే.

పాతలేత్:
మూడోసారి అడుగుతున్నా. హౌసింగ్ మీద బ్రీదరు మూసుకుపోతే వేడికి లోపల ప్రెషరు పెరుగుతుంది, ఆయిల్ సీలు దగ్గరే దారి వెతుక్కుంటుంది. ఎవరైనా చూశారా లేదా?

లోడుబండి:
ఇప్పుడే కిందకి దూరి చూశాను. మూత కదలడం లేదు. చుట్టూ మట్టి గడ్డకట్టింది.

పాతలేత్:
డీజిలులో నానబెట్టి ఊదు. లోపలి గాలి బయటికి సాఫీగా పోవాలి. పోకపోతే కొత్తది వేయి.

గ్రీజుగన్:
అది శుభ్రం చేసినంత మాత్రాన అరిగిన సీలు మానదు. బేరింగు సంగతీ అంతే.

టెక్సాస్‌రోడ్డు:
మళ్లీ బేరింగా!