అప్‌డేట్: చెరువు కమిటీలో చెరువు మీద బతికేవారికి చోటు

మా చెరువు పరిరక్షణ కమిటీలో ఉన్న పన్నెండు మందిమీ అపార్ట్‌మెంట్ల వాళ్లమేనని, మత్స్యకారులు, రజకులు, చెత్త ఏరుకునేవారు పిలిచినా రావడం లేదని, వారిని ఎలా కలుపుకోవాలని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. "ఎందుకు రావడం లేదో వారినే అడగండి" అన్న జవాబు అప్పుడు కొంచెం నొప్పించినా, చివరికి పనికొచ్చింది అదే.

ఆదివారం ఉదయం చేపలకు గిరాకీ ఎక్కువని, సరిగ్గా ఆ వేళకే మేము సమావేశాలు పెడుతున్నామని ఒక మత్స్యకార మహిళ చెప్పేవరకు మాకు తట్టనే లేదు. ఇప్పుడు మంగళవారం సాయంత్రం గట్టు మీదే కూర్చుంటున్నాం. ఇంగ్లీషు సందేశాలు మాని తెలుగులో, ఉర్దూలో వాయిస్ మెసేజీలు పంపుతున్నాం. గుర్రపుడెక్క ఏ మూల మొదలవుతుందో, రాత్రిపూట మురుగు ఏ తూము దగ్గర కలుస్తుందో వారే చూపించారు. మేము రెండేళ్లుగా నీటి నమూనాలు తీసింది అవతలి ఒడ్డున!

చెత్త ఏరుకునేవారిని వ్యర్థాల నిర్వహణలో భాగం చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పినందున, దాన్ని చూపి వారి గుర్తింపు కార్డులకు అర్జీ పెట్టాం. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల విత్తనాలు కాపాడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలోని దళిత మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది; అక్కడ వారు అతిథులు కారు, పని నడిపేవారు. మేము ఇంకా అంత దూరం రాలేదు.

కంచె గొడవ మాత్రం తేలలేదు. నడకదారి కోసం మేమే కోరిన ఆ కంచె చాకిరేవుకు అడ్డమైంది, గేటు తాళం ఇప్పటికీ మా వాళ్ల దగ్గరే ఉంది.