లోడ్ స్టెప్ చూస్తే చాలదా, బోడె ప్లాట్ తీయాల్సిందేనా?

రిపుల్‌రాజా:
12 వోల్టుల నుంచి 5 వోల్టులిచ్చే బక్ రెగ్యులేటర్ బోర్డు చేశాను. ఎలక్ట్రానిక్ లోడ్‌ని 0.5 నుంచి 2 ఆంపియర్లకు ఒక్కసారిగా మార్చి (లోడ్ స్టెప్) స్కోప్‌లో చూస్తే అవుట్‌పుట్ కొంచెం కుంగి, ఊగకుండా సర్దుకుంది. మా సీనియర్ మాత్రం బోడె ప్లాట్ (ఫ్రీక్వెన్సీతో ఫీడ్‌బ్యాక్ లూప్ గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో చూపే గ్రాఫ్) తీసి, ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగిపోవడానికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో) కొలిచి చూపించమంటున్నారు. ఊగడం లేదని కళ్లకు కనిపిస్తుంటే అది కొలిచే నెట్‌వర్క్ అనలైజర్ తెప్పించడం అవసరమా?

పాతస్కోప్:
నా ఓటు మీకే. ఫిక్స్‌డ్ అవుట్‌పుట్ చిప్‌లలో డివైడర్ (అవుట్‌పుట్‌ని తగ్గించి ఫీడ్‌బ్యాక్‌కి ఇచ్చే రెసిస్టర్ల జత) లోపలే ఉంటుంది, కొన్నింటిలో కొలవడానికి సిగ్నల్ ఎక్కించే చోటే దొరకదు. పైగా బోడె ప్లాట్ చిన్న సిగ్నల్ సంగతే చెబుతుంది. కరెంట్ లిమిట్ తగిలినప్పుడు ఏమవుతుందో స్టెప్‌లోనే తెలుస్తుంది.

లూప్‌గెయిన్:
రాజా గారూ, లోడ్ మారడానికి ఎంత సమయం పట్టిందో చూశారా? లూప్ కంటే నెమ్మదిగా మారితే ఊగాల్సిన సర్క్యూట్ కూడా బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది.
మీది డివైడర్ బయట ఉండే అడ్జస్టబుల్ చిప్ అయితే కొలవడం కష్టమేం కాదు. అవుట్‌పుట్‌కీ డివైడర్‌లోని పైవైపు రెసిస్టర్‌కీ మధ్య 10 నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్‌తో చిన్న సిగ్నల్ ఎక్కించి, రెండు చివర్లా కొలవండి. లూప్ తెంచక్కర్లేదు. మిడిల్‌బ్రూక్ 1975లో చెప్పిన పద్ధతే ఇది. ఆ పైవైపు రెసిస్టర్‌కి సమాంతరంగా ఫీడ్‌ఫార్వర్డ్ కెపాసిటర్ ఉంటే అది కూడా మీరు సిగ్నల్ ఎక్కించే రెసిస్టర్‌కి డివైడర్ వైపే ఉండాలి, లేకపోతే లూప్‌లో ఒక దారి మీ కొలతకి అందదు. సిగ్నల్ సగానికి తగ్గించినా ప్లాట్ మారకపోతేనే దాన్ని నమ్మండి.

పాతస్కోప్:
గది ఉష్ణోగ్రతలో, ఒకే లోడ్ దగ్గర ఒక్క ప్లాట్ తీసి ఫేజ్ మార్జిన్ 60 డిగ్రీలని రిపోర్ట్‌లో రాసేవాళ్లని చాలామందిని చూశాను. దానికన్నా నాలుగు లోడ్ల దగ్గర స్టెప్ చూసినవాడే నయం.

లూప్‌గెయిన్:
అది కొలిచినవాడి బద్ధకం మాస్టారూ, కొలతది కాదు.

రిపుల్‌రాజా:
నా లోడ్ మారడానికి 50 మైక్రోసెకన్లు పడుతోంది! మాస్‌ఫెట్, రెసిస్టర్ అవుట్‌పుట్ పక్కనే సోల్డర్ చేసి ఒక మైక్రోసెకను లోపే మారేలా మళ్లీ చూశాను. మూడు నాలుగు ఊపులు స్పష్టంగా కనిపించాయి, ఒక్కోటి దాదాపు 17 మైక్రోసెకన్లు. అంటే క్రాసోవర్ (లూప్ గెయిన్ 1కి తగ్గే ఫ్రీక్వెన్సీ) 60 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉన్నట్టు. నేను లెక్కవేసింది 35. అనలైజర్ అరువు తెచ్చి కొలిస్తే ఫేజ్ మార్జిన్ 28 డిగ్రీలు వచ్చింది. ఇందులోంచి మళ్లీ 180 తీసేయాలా?

లూప్‌గెయిన్:
వద్దు. ఎర్రర్ యాంప్లిఫయర్ తిప్పే 180 ఆ కొలతలో కలిసే ఉంటుంది. క్రాసోవర్ దగ్గర కనిపించేదే మార్జిన్. కనీసం 45 ఉండాలి. మీ అవుట్‌పుట్ సిరామిక్ కెపాసిటర్ల మీద అనుమానంగా ఉంది, మీద 5 వోల్టుల బయాస్ ఉంటే 22 మైక్రోఫారడ్లది సగానికి పడిపోవచ్చు, అప్పుడు క్రాసోవర్ పైకి జరుగుతుంది.

పాతస్కోప్:
చూశారా, ముందు పట్టించింది స్టెప్ టెస్టే!

రిపుల్‌రాజా:
మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. అదే 22 మైక్రోఫారడ్లది, 25 వోల్టుల రేటింగ్‌లో పెద్ద సైజు వేసి చూస్తున్నా.