మిడ్‌వే దాటి దక్షిణాన అద్దెకు ఉండొచ్చా?

ప్రశ్న: షికాగో యూనివర్సిటీలో మాస్టర్స్‌కి చేరుతున్నాను. క్యాంపస్ దగ్గర మిడ్‌వే అనే పొడవాటి పార్కుకి దక్షిణాన ఉన్న వుడ్‌లాన్‌లో ఒక అపార్ట్‌మెంట్ అద్దె నాకు అందుబాటులో ఉంది. గ్రూపుల్లో మాత్రం "మిడ్‌వే దాటొద్దు, అటంతా నల్లవాళ్ల ఏరియా" అంటున్నారు. నిజంగా ప్రమాదమా, రంగు చూసి భయమా?

జవాబు 1: అంకెలు మీరే చూసుకోండి. నగర డేటా పోర్టల్‌లో 2001 నుంచి నమోదైన నేరాలున్నాయి. ఇంటి చుట్టూ రెండు మూడు బ్లాకులకు, గత ఏడాదికి ఫిల్టర్ పెట్టండి. మొత్తం సంఖ్య చూసి బెదరొద్దు. ఇంట్లో గొడవలు, షాపు దొంగతనాలు తీసేసి, కాలిబాట మీద జరిగిన దోపిడీలు, దాడులు మాత్రం ఉంచి, ఏ గంటల్లో జరిగాయో చూడండి. మిడ్‌వేకి ఉత్తరాన ఉన్న హైడ్ పార్క్‌లోని ఇంటికీ ఇదే చేసి పోల్చండి. చివరి వారం రోజులవి అందులో ఉండవు.

జవాబు 2: చట్టప్రకారం యూనివర్సిటీ ఏటా ఇచ్చే నేరాల లెక్క, అంటే క్లెరీ నివేదికనే నమ్ముకోకండి. అందులో క్యాంపస్, యూనివర్సిటీ భవనాలు, క్యాంపస్‌ని ఆనుకున్న రోడ్లే లెక్క. మీ వీధి రాదు. యూనివర్సిటీ పంపే అలర్ట్ మెయిల్స్‌లో "నల్లజాతి యువకుడు" అని మాత్రమే ఉంటే దాంతో ఎవర్నీ గుర్తుపట్టలేం, పక్కింటి కుర్రాడి మీద అనుమానం తప్ప ఏమీ మిగలదు. ఇది చాలా అన్యాయం.

జవాబు 3: మిడ్‌వే దగ్గర ఆ గీత దానంతటది పడలేదు. నల్లవాళ్లకు ఇళ్లు అమ్మకూడదనే ఒప్పందాలు అక్కడ ఉండేవి. అలాంటి ఒప్పందం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన 1940 నాటి హాన్స్‌బెర్రీ కేసు వుడ్‌లాన్ ఇంటి గురించే. కోర్టుల ద్వారా వాటి అమలు 1948లో ఆగింది. బ్రోకర్‌ని "సేఫేనా?" అని అడిగితే ఇళ్ల విషయంలో జాతి వివక్ష చూపొద్దనే 1968 చట్టానికి భయపడి దాటేస్తాడు. తలుపు తాళం, మెట్ల దగ్గర లైటు, రాత్రి షటిల్ ఎక్కడ ఆగుతుందో అడగండి.