లిస్బెత్ సలాండర్: ఆమెనా, అదా, తనా?

మొదటి పోస్టు:
ఇక్కడ క్రైమ్ నవలల పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నా. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ రాసిన మిలీనియం నవలలు మూడూ ఇంగ్లీషులో చదివాక వాటిలోని నాయిక లిస్బెత్ సలాండర్ బుర్రలోంచి పోవడం లేదు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, అపరాధ పరిశోధన నవలలంటే మాత్రం ప్రాణం. అందుకే మొదటి నవలలోని కొన్ని పేజీలు ఆవిడ కోసం తెలుగులో రాస్తున్నా. లిస్బెత్ అడుగుపెట్టిన చోటే నా పెన్ను ఆగిపోయింది. ఏమని రాయాలి?

"ఆమె" అంటే పేపర్ వార్తలా ఉంది. "ఆవిడ" అంటే స్కూల్లో లెక్కల టీచర్ గుర్తొస్తోంది. ఈ పిల్లకి ఇరవై నాలుగేళ్లు, ముక్కుకీ కనుబొమలకీ రింగులు, మెడ మీద కందిరీగ పచ్చబొట్టు, అడిగినదానికి కూడా సరిగ్గా జవాబు చెప్పదు. "అది" అని రాస్తే అమ్మ నన్నే తిడుతుంది. కథలో జర్నలిస్టు బ్లోమ్‌క్విస్ట్‌తో ఈ గొడవే లేదు, "అతను" అంటూ హాయిగా నడిచిపోతోంది. మీరైతే ఏం చేస్తారు?

కడప పాఠకురాలు:
మా వైపు "ఆయమ్మ" అంటాం. లిస్బెత్‌కి పెట్టి చూశా, నవ్వు ఆగలేదు.

వ్యాకరణం మాస్టారు:
చిక్కు మీ దగ్గర లేదమ్మా, మన వ్యాకరణంలోనే ఉంది. తెలుగు ఏకవచనంలో మగవాడిదే మహత్తు. ఆడమనిషి గురించి చెప్పేటప్పుడు క్రియ వస్తువులతో కలిపేస్తుంది: లిస్బెత్ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వస్తే గానీ హోదా రాదు: ఆడవాళ్లు వచ్చారు, పిల్లులు వచ్చాయి. "వచ్చాడు" అంటే వచ్చినవాడు ఎలాంటివాడైనా మనిషని తెలుస్తుంది. "వచ్చింది" అంటే అదీ తెలియదు. కాబట్టి మనిషన్న గుర్తింపూ, మర్యాదా రెండూ సర్వనామమే మోయాలి.

ఒక వెసులుబాటు కూడా ఉంది. మన వాక్యానికి సర్వనామం తప్పనిసరి కాదు. "తలుపు తీసింది. బూట్లు విప్పకుండానే లాప్‌టాప్ ముందు కూర్చుంది." ఇలా పేరా అంతా లాగేయొచ్చు. ఇంగ్లీషులో ఆ వీలు లేదు.

స్టాక్‌హోమ్ తెలుగువాడు:
స్వీడిష్‌లో అతనికి "హాన్", ఆమెకి "హున్". వీటిలో మర్యాద తేడాలేమీ లేవు. ఎదుటిమనిషిని పిలిచేటప్పుడూ అంతే, అందరూ అందరినీ "దు", అంటే నువ్వు. ఇది పాత అలవాటేం కాదు. ఒకప్పుడు "డైరెక్టర్ గారు కాఫీ తీసుకుంటారా" అని ఎదురుగా కూర్చున్న మనిషినే హోదా పేరుతో అడిగేవాళ్లు. 1967లో వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ ఉద్యోగులందరినీ "దు" అనే పిలుస్తానని చెప్పడం పెద్ద వార్త అయింది. ఆ మార్పుకి ఆయన పేరే గుర్తుండిపోయింది. మా మేనేజర్‌ని "దు" అనడానికి నాకు మొదట్లో నోరే రాలేదు లెండి.

కాబట్టి అతనికి పని అప్పజెప్పిన పెద్దాయన, ఎనభై దాటిన హెన్రిక్ వాంగెర్‌తో బ్లోమ్‌క్విస్ట్ మాట్లాడేటప్పుడు తెలుగులో "మీరు" పెట్టక తప్పదు. అక్కడ స్వీడిష్‌ని వదిలేయండి.

ఇంకో మాట. మొదటి నవల అసలు పేరు "ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు". "డ్రాగన్ పచ్చబొట్టు అమ్మాయి" అన్న పేరు ఇంగ్లీషు అట్ట మీదికి వచ్చాక పుట్టిందే. లోపల మొదటి భాగం ముందు, స్వీడన్‌లో 18 శాతం ఆడవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు మగవాడు బెదిరించాడని ఉంటుంది. రెండో భాగం ముందు 46 శాతం మంది మగవాడి చేతిలో హింసకు గురయ్యారని. లార్సన్ 2004 నవంబరులో పోయాడు, 2005లో పుస్తకం వచ్చింది. పేరు మారడం చూడలేదు. మూడో నవల స్వీడిష్ పేరులో ఉన్న మాట మన "గాలిమేడ"కి అచ్చంగా సరిపోతుంది. ఇంగ్లీషులో అది కందిరీగల తుట్టె అయింది.

మొదటి పోస్టు రాసినామె:
గాలిమేడ అమ్మకి బాగా నచ్చుతుంది! కానీ నా సర్వనామం సంగతి ఇంకా తేలలేదు.

అనువాదాలు చేసే మనిషిని:
(కథ చదవనివాళ్లు ఇక్కడ ఆగండి.)

పుస్తకం మొత్తానికి ఒకే సర్వనామం వెతకడం వల్లే మీకీ టెన్షన్. లిస్బెత్‌కి తన డబ్బు తాను ఖర్చుపెట్టుకునే హక్కు కూడా లేదని చట్టం తేల్చింది, ఆమె మీద ఒక సంరక్షకుణ్ణి పెట్టింది. మొదటి సంరక్షకుడు పామ్‌గ్రెన్ ముసలాయన, ఆమెని మనిషిగా చూశాడు. ఆయన మనసులో "అది మొండిది" అనుకున్నా తప్పులేదు. ఇంట్లో అమ్మ కూతుర్ని "అది ఇంకా అన్నం తినలేదు" అనదూ? తర్వాత వచ్చిన బ్యుర్మన్ కూడా "అది" అనే అనుకోవాలి. మాట మారదు, అందులో ప్రేమ ఉండదు. వాడి లెక్కలో ఆమె ఒక వస్తువు. మాస్టారు చెప్పిన వ్యాకరణం వాడికి చక్కగా పనికొస్తుంది. ఆమె పనిచేసే చోట యజమాని అర్మాన్‌స్కీకి "ఆ అమ్మాయి". బ్లోమ్‌క్విస్ట్‌కి "ఆమె". లిస్బెత్ కళ్లతో నడిచే చోట్ల "తను".

అసలు అవకాశం మగవాడి దగ్గరుంది. బ్యుర్మన్ మొదట కాగితాల మీద లాయరు గారు, "ఆయన". ఆమె మీద దాడి చేశాక లిస్బెత్ అధ్యాయాల్లో "వాడు" అయిపోతాడు. స్వీడిష్‌లో మొదటినుంచి చివరిదాకా "హాన్" ఒక్కటే. ఈ ఒక్క చోట మన భాషకి మూలం కన్నా ఎక్కువ చెప్పే వీలుంది, వదులుకోకండి.

వ్యాకరణం మాస్టారు:
మొత్తానికి ఒప్పుకుంటాను. "తను" విషయంలో చిన్న అభ్యంతరం. "తాను" వాక్యంలోని కర్తనే తిరిగి చూపే మాట. ఊరికే "ఆమె" బదులు వాడటం వాడుకలో పెరిగిన అలవాటు. ఒక గదిలో ఇద్దరుంటే "తను" ఎవరో పాఠకుడికి తెలియదు.

హైదరాబాద్ కుర్రాడు:
స్వీడిష్‌లో ఆడ, మగ తేడా లేని "హెన్" అని ఒకటి ఉందిగా? మన "తను" అదే కదా సార్?

స్టాక్‌హోమ్ తెలుగువాడు:
ఉంది, కానీ స్వీడిష్ అకాడమీ పదపట్టికలోకి 2015లోనే ఎక్కింది. లార్సన్ నవలల్లో వెతకొద్దు. "తను" ఆడైనా మగైనా చెల్లుతుంది, అది నిజమే.

మొదటి పోస్టు రాసినామె:
సరే, బ్యుర్మన్ ఆఫీసు సన్నివేశం ఇలా మొదలుపెట్టాను, ఎలా ఉందో చెప్పండి:

"కుర్చీ చూపించాడు. కూర్చుంది. అది తల కూడా ఎత్తకపోవడం బ్యుర్మన్‌కి నచ్చింది."

అనువాదాలు చేసే మనిషిని:
"అది" సరిగ్గా పడింది. మొదటి రెండు వాక్యాల్లో ఎవరి పేరూ లేకపోవడం ఇంకా బాగుంది.

స్టాక్‌హోమ్ తెలుగువాడు:
అన్నట్టు ఇక్కడివాళ్లు ఆ పేరు చివర "త్" పలకరు, "లిస్బెట్" అంటారు. బ్లోమ్‌క్విస్ట్ కూడా "బ్లూమ్‌క్విస్ట్". అమ్మకి చదివి వినిపించేటప్పుడు మీ ఇష్టం.