16 ఏళ్లకి ఫోటోగ్రఫీ క్లబ్‌లో చేరొచ్చా?

మామయ్య వాడకుండా పక్కన పడేసిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దాంతో వచ్చిన మామూలు 18-55 కిట్ లెన్స్‌తో ఆరు నెలలుగా కుస్తీ పడుతున్నా. సాయంత్రం పూట ఎగిరే పక్షిని తీయాలంటే షటర్ స్పీడ్ 1/1000 సెకను పెడితే ఫోటో చీకటి, తగ్గిస్తే రెక్కలు మసక, ఐఎస్‌ఓ (వెలుతురు తక్కువున్నప్పుడు పెంచే సెట్టింగ్) 3200 దాటిస్తే అంతా చుక్కలు చుక్కలు. ఇలాంటివి పక్కనుండి ఎవరైనా చూపిస్తే బాగుంటుందని క్లబ్‌లో చేరాలనుకుంటున్నా. కానీ అక్కడంతా పెద్దవాళ్లే, చేతుల్లో మూరెడు లెన్సులు (ఒకసారి గుమ్మం దాకా వెళ్లి తొంగి చూసి వచ్చేశా, నిజంగా భయమేసింది).

నా వయసులో చేరినవాళ్లు ఉన్నారా? మొదటిరోజే ఫోటోలు పట్టుకెళ్లాలా, ఊరికే వెళ్లి కూర్చోవచ్చా? తెల్లవారుజామున ఫోటో వాక్ (గుంపుగా నడుస్తూ ఫోటోలు తీయడం) అంటే అమ్మ ఒక్కడినే పంపదు, అన్నయ్యని తోడు తీసుకెళ్తే నవ్వుతారా? అందరి ముందూ మన ఫోటో పెట్టి తప్పులు చెప్తారట, అసలు టెన్షన్ అదే, మీరెలా తట్టుకున్నారు?