అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతూనే ఉంది, ఎందుకంటారు?

కడపలో ఉంటాం. ఎండలు తగ్గి కూలర్ మూలకు చేర్చినా కరెంటు బిల్లు తగ్గలేదు. మొన్న రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, టార్చి పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. ఎర్ర లైటు 15 సెకన్లకోసారి మిణుకుమంటూనే ఉంది! మీటరు మీద యూనిట్‌కు 3200 మిణుకులని రాసుంది. ఆ లెక్కన 75 వాట్లు, అంటే నెలకు 54 యూనిట్లు ఊరికే పోతున్నట్టే. పాత సీలింగ్ ఫ్యాను రాత్రింబగళ్లు తిరిగినంత.

నేను ఆపనిది ఇన్వర్టర్ ఒక్కటే. బ్యాటరీకి ఐదేళ్లు, ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది, డిస్టిల్డ్ వాటర్ కూడా తొందరగా అయిపోతోంది. తప్పు దానిదేనా, వైరింగ్‌లో లీకేజీ ఏమైనా ఉంటుందా? ప్లగ్ తీసి చూద్దామంటే నేరుగా వైరింగ్‌లో కలిపేశారు. ఎలక్ట్రీషియనేమో రెండు వారాలుగా "రేపొస్తాన్నా" అంటున్నాడు. కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టకముందే ఎలా తేల్చుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.