దీపావళి పిల్లల బల్ల: పొయ్యి లేని హాలు, 252 పుడ్డింగ్ కుకీలు

స్టాల్ బాధ్యురాలు, అక్టోబరు 25

అందరికీ నమస్కారం. పండగ వెళ్లిన దాదాపు మూడు వారాలకు మన దీపావళి. హాలు దొరికిన రోజే మనకు అమావాస్య, తెలిసిందే. నవంబరు 8, శనివారం సాయంత్రం 4 నుంచి. పిల్లల తిండి బల్ల ఈసారి నా నెత్తిన పడింది.

హాలువాళ్లు వంటగది తాళం ఇవ్వరట. ఒక ఫ్రిజ్, రెండు పొడుగు బల్లలు, అంతే. పోయినేడాది మనం మిరపకాయ బజ్జీలు వేసి పొగ అలారం మోగించాం కాబట్టి వాళ్లను అనడానికీ లేదు. ఇంటి దగ్గర చేసుకొచ్చి అక్కడ పళ్లేల్లో సర్దేసేవే కావాలి. గుడ్డు ఉండకూడదు. అవెన్ పని కూడా ఉండకూడదు, ఎందుకంటే మనలో సగం మంది అవెన్లలో మూకుళ్లూ పెనాలూ కాపురం ఉంటున్నాయి.

అందుకే పుడ్డింగ్ పొడితో (పాలలో కలిపితే కస్టర్డ్‌లా చిక్కబడే తీపి పొడి) చేసే నో-బేక్ కుకీలు, అంటే అవెన్‌లో కాల్చక్కర్లేనివి, అనుకున్నాను. చక్కెర, వెన్న, పాలు కలిపి మరిగించి, దించి, అందులో ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడి, ఓట్స్ వేసి కలిపి, చెంచాతో కాగితం మీద పెట్టడమే. అరగంటలో గట్టిపడతాయి.

ఒక వాయికి చక్కెర 2 కప్పులు, వెన్న ముప్పావు కప్పు అంటే ఒకటిన్నర స్టిక్కు, ఎవాపరేటెడ్ మిల్క్ కప్పులో మూడింట రెండు వంతులు, 3.4 ఔన్సుల పుడ్డింగ్ డబ్బా ఒకటి, క్విక్ ఓట్స్ మూడున్నర కప్పులు. ఒక్కో చెంచాడు పెడితే 36 దాకా వస్తాయి. పిల్లలు 120 మంది అనుకుందాం, తలా రెండు. 7 వాయిలు చేస్తే 252.

ఎవరెన్ని వాయిలు చేస్తారో చెప్పండి. ముందు ఇంట్లో ఒకటి చేసి చూసి, ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి. బాగా వస్తే రాయకపోయినా ఫర్వాలేదు, చెడితే మాత్రం తప్పకుండా రాయండి.

ఇంకోటి. పోయినేడాది కార్యక్రమంలో నా స్టీలు డబ్బా పోయింది. మూత మీద మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. కనిపిస్తే చెప్పండి.

కొత్త వలంటీర్, డెంటన్ (టెక్సస్), అక్టోబరు 25

అక్కా నమస్తే. రెండు వాయిలు నేను చేస్త. రూమ్‌ల నలుగురం ఉన్నం, కలుపుడుకు చేతులకు కొదవ లేదు. గిన్నె ఒక్కటే చిన్నగున్నది.

స్టాల్ బాధ్యురాలు

తమ్ముడూ, గిన్నె నేనిస్తాను. అడుగు మందంగా ఉండాలి, లేకపోతే పాలు అడుగంటుతాయి. పెద్ద గిన్నె ఇచ్చాను కదా అని రెండు వాయిలూ ఒకేసారి చెయ్యకు. సరుకు ఎక్కువైతే మరుగు రావడానికే చాలాసేపు పడుతుంది, ఆ సేపట్లో నీరు ఎంత ఆవిరైందో లెక్క తప్పుతుంది. వాయికి వాయి విడిగానే.

కోశాధికారి, అక్టోబరు 26

సరుకులు ఎవరికి వారు కొనవద్దు, నేను ఒకేసారి తెస్తాను. 7 వాయిల లెక్క ఇదీ. చక్కెర 14 కప్పులు, 4 పౌండ్ల సంచులు రెండు. వెన్న పదిన్నర స్టిక్కులు, పౌండుకు నాలుగు కాబట్టి కొనేది 3 పౌండ్లు. ఓట్స్ ఇరవై నాలుగున్నర కప్పులు. 42 ఔన్సుల డబ్బాలో 15 కప్పులుంటాయి కాబట్టి రెండు. పుడ్డింగ్ 7. పాల దగ్గరే చికాకు. 12 ఔన్సుల డబ్బా అంటే ఒకటిన్నర కప్పు. మూడు డబ్బాలు కొంటే గరిటెడు తక్కువ పడుతుంది. ఆ గరిటెడు కోసం నాలుగోది కొనాలా?

స్టాల్ బాధ్యురాలు

కొనాలండీ. మిగిలింది టీలో పోసుకోవచ్చు.

పూజ ఏర్పాట్లు చూసే పిన్ని, అక్టోబరు 26

అమ్మాయ్, ఆ పుడ్డింగ్‌లో జెలటిన్ ఉంటుందేమో చూశావా? మా ఇంట్లో జెల్లీ డబ్బా తెచ్చి, తర్వాత అట్ట మీద చదివి బయట పడేశాం. మా తోటికోడలు మార్ష్‌మాలో కూడా ముట్టదు.

స్టాల్ బాధ్యురాలు

మంచిమాట అడిగారు పిన్నీ. జెల్లీ వేరు, పుడ్డింగ్ వేరు. ఒకే కంపెనీవి, ఒకే అరలో, ఒకే తీరు డబ్బాల్లో ఉంటాయి కాబట్టి పొరపాటు పడతాం. జెల్లీ గడ్డకట్టేది జెలటిన్ వల్ల, అది జంతువులదే. పుడ్డింగ్ పొడిలో పనిచేసేది పిండి. అయినా కోశాధికారి గారూ, ప్రతి డబ్బా వెనక చదివే బుట్టలో వెయ్యండి.

పిస్తా రుచిది మాత్రం వద్దు. రంగు చూసి ముచ్చటపడి కొంటాం, అందులో బాదం ఉంటుంది. గింజలు పడని పిల్లలు మనకు ముగ్గురున్నారు. ఇదే కారణంగా వేరుశనగ వెన్న ఆలోచన కూడా మానేశాను. వెనీలా, బటర్‌స్కాచ్, చాక్లెట్ చాలు. బటర్‌స్కాచ్ పిల్లల కోసం కాదు, మన కోసం. ఐస్‌క్రీమ్ పార్లర్‌లో అదొక్కటే అడుగుతూ పెరిగిన తరం మనది.

పెద్దల బృందం నుంచి ఒక బాబాయ్, అక్టోబరు 27

షుగర్‌ఫ్రీ పుడ్డింగ్ కూడా అమ్ముతున్నారు కదా. ఒక వాయి దాంతో చేస్తే మాబోటి వాళ్లం కూడా తినొచ్చుగా?

స్టాల్ బాధ్యురాలు

బాబాయ్, గిన్నెలో రెండు కప్పుల చక్కెర పోశాక డబ్బాలో లేకపోతే ఏం లాభం? ఒక్కో కుకీలో మూడు చెంచాల పంచదార లెక్క. మీకోసం వేయించిన మరమరాలు తెస్తాను.

యువ బృందం, అక్టోబరు 28

ఆంటీ, మాకు స్కూల్ కోసం సర్వీస్ అవర్స్ (స్వచ్ఛంద సేవ చేసిన గంటలు) కావాలి. మేం ఐదుగురం చెయ్యొచ్చా? మా స్కూల్లో ఇవి చాక్లెట్‌తో చేసినవి అమ్మేవాళ్లు. మా టీచర్ వీటిని ప్రీచర్ కుకీలు అనేవారు. పాస్టర్ గారు గుర్రం మీద వస్తూ కనిపిస్తే, ఆయన గుమ్మంలోకి వచ్చేలోపు చేసేయొచ్చని ఆ పేరట.

స్టాల్ బాధ్యురాలు

మనకు వీధి చివర చుట్టాలు కనబడగానే బొంబాయి రవ్వ డబ్బా దించినట్టన్న మాట! మరిగే పాకం దగ్గరికి మీరు రావద్దు నాన్నా. చక్కెర పాకం మీద పడితే వేడినీళ్లలా జారిపోదు, చర్మానికి అంటుకుని కాలుస్తుంది. డబ్బాల్లో సర్దడం, బల్ల దగ్గర పంచడం మీది. తెలుగు తరగతి పిల్లలతో పేర్ల చీటీలు కూడా రాయించండి. రుచి పేరు, కింద "పాలు ఉన్నాయి, గుడ్డు లేదు, జెలటిన్ లేదు" అని ఉండాలి. ఓట్స్ మామూలువే కాబట్టి గోధుమ పడనివాళ్లకు ఇవ్వొద్దని కూడా ఒక ముక్క రాయండి. వెనీలానా వనిల్లానా అని కొట్టుకోకండి, రెండూ ఒప్పే.

కొత్త వలంటీర్, డెంటన్, అక్టోబరు 30

అక్కా, సరుకులు వచ్చేదాకా ఆగలేక మేమే కొని చేసినం. గట్టివడలే. రాత్రంతా ఉంచినా చెంచాకు అంటుకునుడే. తీపి అయితే పళ్లు జివ్వుమంటున్నయి. ఏం తప్పు జేసినం?

స్టాల్ బాధ్యురాలు

ఏ పాలు పోశారు?

కొత్త వలంటీర్, డెంటన్

డబ్బా పాలే అక్కా. మిల్క్‌మెయిడ్ అసొంటిది.

స్టాల్ బాధ్యురాలు

దొరికింది. అది కండెన్స్‌డ్ మిల్క్, అందులో దాదాపు సగం చక్కెరే. మనకు కావలసింది ఎవాపరేటెడ్ మిల్క్, పాలలో నీటిని సగం పైగా ఇగిర్చి డబ్బాలో పోసింది, తీపి ఉండదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. పుడ్డింగ్ డబ్బా మీద ఏం రాసుంది?

కొత్త వలంటీర్, డెంటన్

కుక్ అండ్ సర్వ్.

స్టాల్ బాధ్యురాలు

అది రెండో తప్పు. ఇన్‌స్టంట్ రకంలో పిండిని ముందే ఉడికించి ఆరబెట్టి ఉంటారు, తడి తగిలితే చాలు చిక్కబడుతుంది. వండే రకంలో ఉండేది పచ్చి మొక్కజొన్న పిండి. దాన్ని పొయ్యి మీద ఉడకనిస్తేనే పని చేస్తుంది, దించాక కలిపితే నాలుక మీద పిండి పిండిగా తగులుతుంది. మీరు చేసింది పారెయ్యకండి. ఫ్రిజ్‌లో పెట్టి ఐస్‌క్రీమ్ మీద వేసుకుని తినండి.

అరిసెల అత్తగారి కోడలు, నవంబరు 1

నా అనుభవం దీనికి సరిగ్గా తిరగబడింది. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి నెలైంది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లైనా అరిసెల పాకం చూడటానికి ఈవిడనే పిలుస్తారు. "చక్కెర మరిగించడమంటే పాకమే కదే, తప్పుకో" అన్నారు. తప్పుకున్నాను. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, చుక్క వేసి, వేళ్లతో నొక్కి చూస్తూ, ఉండ పాకం వచ్చాక గాని దించలేదు. ఓట్స్ వేసి పది సార్లు తిప్పామో లేదో, మొత్తం ఇసకలా విడిపోయింది. చెంచాకు రాదు, చేతికి రాదు.

ఆవిడ నాకంటే ఎక్కువ బాధపడ్డారు. రాత్రి భోజనాల దగ్గర కూడా మాట లేదు. పొద్దున్నే లేపి చెప్పారు: "అరిసెలకు మనం పోసేది తడిపిండే. దాని నీళ్లు దానికున్నాయి. ఈ అటుకుల్లాంటివి ఎండువి, పైగా నీ పొడి కూడా ఎండుదే. రెండూ నీళ్లు తాగేవే. పాకం నేనే ముదరబెట్టాక వీటికి తాగడానికి ఏం మిగులుతుంది?"

నేను నెట్‌లో అరగంట వెతికి కనుక్కోలేనిది ఆవిడ నిద్రలో కనుక్కున్నారు. ఆ ఇసకలో నాలుగు చెంచాల వేడిపాలు చిలకరించి ఉండలు కట్టేశారు. సున్నుండల్లా ఉన్నాయి, మా ఆయన ఆఫీసుకు పట్టుకెళ్లిపోయారు.

రెండో వాయి ఇలా చేశాం. చక్కెర, వెన్న, పాలు మధ్యస్థంగా ఉన్న మంట మీద పెట్టి, గరిటెతో తిప్పినా బుడగలు అణగకుండా తెర్లడం మొదలయ్యాక గడియారం చూసి ఒక్క నిమిషం. తీగ పాకం కోసం కూడా చూడలేదు. మాది తీగచుట్ట పొయ్యి, కట్టేసినా చాలాసేపు వేడిగానే ఉంటుంది, అందుకని గిన్నెను పక్క పొయ్యి మీదికి జరిపేశాను. పుడ్డింగ్ పొడి, అర చెంచా ఏలకుల పొడి వేసి ఉండలు లేకుండా కలిపి, వెంటనే ఓట్స్. మైనపు కాగితం ముందే పరిచి ఉంచుకున్నాను. ఇరవై నిమిషాల్లో కాగితం నుంచి ఊడి వచ్చాయి. వెనీలాలో ఏలకులు కలిస్తే కోవా వాసన వస్తోంది. వెనీలా మూడు వాయిలూ మాకే ఇవ్వండి, అత్తగారు పట్టుదల మీద ఉన్నారు.

స్టాల్ బాధ్యురాలు

అత్తయ్య గారికి నా దండాలు చెప్పండి. అందరూ ఇదే పద్ధతి: దబదబా తెర్లాక ఒక్క నిమిషం. తక్కువైతే జిగురు, ఎక్కువైతే ఇసక. వెనీలా మూడూ మీవే.

హాలు ఏర్పాట్లు చూసే అన్న, నవంబరు 2

మా ఆవిడ వెన్న బదులు నెయ్యి వేద్దామంటోంది. ఇంట్లో కాచింది బోలెడుంది.

స్టాల్ బాధ్యురాలు

వద్దన్నా. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లుంటాయి, నెయ్యిలో ఉండవు. అదే కొలతకు నెయ్యి పోస్తే కాగితమంతా జిడ్డు కారుతుంది. పోయిన నెల నేనే చేసి చూశాను, మా వాడు వాటిని టిష్యూలో ఒత్తుకుని తిన్నాడు. అలాగే ఓట్స్ క్విక్ రకమే వాడండి. మందపాటి రోల్డ్ ఓట్స్ అంత తొందరగా పాకం పీల్చవు, నములుతుంటే గడ్డిలా ఉంటుంది. పుడ్డింగ్ పొడిని డబ్బా మీద చెప్పినట్టు చల్లని పాలలో ముందు కలిపెయ్యకండి, పొడిగానే పోయాలి. ఇది ఎవరు చేశారో చెప్పను, ఆవిడ నన్ను కారులో ఎక్కించుకెళ్లాలి.

కోశాధికారి, నవంబరు 4

సరుకులు మా గరాజ్‌లో ఉన్నాయి. రేపు సాయంత్రం 6 నుంచి 8 లోపు వచ్చి పట్టుకెళ్లండి. డబ్బాల వెనక చదివాను, జెలటిన్ ఎక్కడా లేదు. విడిగా ఏమైనా కొన్నవాళ్లు రసీదు ఫొటో పంపాలి. రసీదు లేకపోతే డబ్బు లేదు, ముందే చెబుతున్నాను. ప్రతి సామానుకూ లెక్క ఉండాలి.

స్టాల్ బాధ్యురాలు, నవంబరు 5

ఆఖరి పంపకం. వెనీలా ఏలకులు మూడు వాయిలు అత్తయ్య గారి ఇంట్లో. బటర్‌స్కాచ్ రెండు డెంటన్ తమ్ముళ్లు, ఈసారి సరైన పాలతో. చాక్లెట్ రెండు నేను. గురువారం రాత్రి చెయ్యండి. శుక్రవారం వాన అంటున్నారు, గాలిలో తేమ ఉంటే చక్కెర పీల్చుకుని మెత్తబడతాయి. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి, వరసకూ వరసకూ మధ్య మైనపు కాగితం. మూత గట్టిగా పెడితే శనివారం దాకా బయటే ఉంచొచ్చు. హాలుకు 2:30కి చేరాలి. యువ బృందం చీటీలు తెస్తుంది.

డబ్బాల మీద, మూతల మీద కూడా టేపు అంటించి మీ పేర్లు రాయండి. నా స్టీలు డబ్బా సంగతి ఏడాదైనా తేలలేదు.

కొత్త వలంటీర్, డెంటన్, నవంబరు 6

అక్కా, 71 అయినయి. 72వది కుదిరిందా లేదా అని చూసినం. కుదిరింది.

కోశాధికారి, నవంబరు 6

స్టాల్ బాధ్యురాలి గారికి. ఇందాక మా ఆవిడ పప్పు కోసం డబ్బా దించితే మూత మీద ఎవరిదో పేరు కనిపించింది. మీ అమ్మగారి పేరు సీతతో మొదలవుతుందా? అందులో ప్రస్తుతం రెండు కిలోల కందిపప్పు ఉంది. శనివారం పప్పుతో సహా తెచ్చిస్తాం.